ఆకుపచ్చ గుడ్డ తాడు

ఇది అబద్ధమైతే, ముసలితనంలో అక్షరాలు దిద్దిన ఈ కళ్లు పోనీ. ఇన్నేళ్లూ రాయలేదంటే రాయడం రాకనే. ఈ మధ్యే రాత్రి బడిలో నేర్చుకున్నాను. నోటితో చెప్పినప్పుడు అందరూ నవ్వారు. అందుకే రాస్తున్నాను.

ఆదోనిలో పత్తి వ్యాపారుల మేడ ఒకటి ఉండేది. మేడ నిండా దుకాణాలు... ఫోను మాత్రం ఒక్కటే. చెక్క మెట్ల కింద. అందరికీ అదే నంబరు. దాని దగ్గర కూర్చునే పని నాది. ఎవరి పేరు అడిగితే వాళ్ల తాడు లాగాలి. పైన వాళ్ల గదిలో గంట మోగుతుంది. నాకు చదువు రాదని తాళ్లకు రంగు గుడ్డలు కట్టారు. పైనుంచి ఒకసారి లాగితే 'వస్తున్నా' అని. ఈలోగా ఫోను తెగిపోతే నేను రెండుసార్లు లాగాలి... 'రావద్దు' అని.

ఆకుపచ్చ గుడ్డ రుద్రప్పది. ఆయన చనిపోయి అప్పటికి కొన్ని నెలలు. గదికి తాళం పడింది. కొడుకు గంట కూడా ఊడదీసుకుపోయాడు. తాడు మాత్రం అట్లాగే వేలాడుతూ ఉంది. పోతూ పోతూ ఆ కొడుకు నన్ను పిలిచాడు.

"లచ్చుమక్కా, నాయన పోయిన సంగతి ఎమ్మిగనూరులో మా మేనత్తకు సెప్పలేదు. గుండె జబ్బు మనిషి. ఆమె ఫోను చేస్తే నాయన ఊర్లో లేడని సెప్పు. నోరు జారి ఆమెకేమన్నా అయితే నిన్నీడ ఉండనియ్యను."

ఆ రాత్రి... పత్తి సీజను. పొద్దున్నించీ తాళ్లు లాగి లాగి భుజాలు పడిపోయాయి. అందరూ వెళ్లిపోయారు. కాపలా మౌలన్న టీకి పోతూ, "దయ్యాలు ఫోను చేస్తే నన్ను పిలువక్కా, పత్తి రేటు అడగల్ల," అని నవ్వాడు.

ఫోను మోగింది.

"ఎమ్మిగనూరు... మాట్లాడండి," అంది ఆపరేటరు. తర్వాత ఒక ముసలి గొంతు.

"మా రుద్రప్పను పిలువు పాపా. వాళ్లక్కను."

"ఊర్లో లేడమ్మా."

"యాడికి పోయినాడు?"

"...హాలహర్వికి."

"పోయిన తూరీ అదే చెప్తివి. ఆడేమన్నా ఇంగో సంసారం పెట్టినాడా?" నవ్వింది. ఆ నవ్వు దగ్గయింది. చాలాసేపు దగ్గింది. "ఒక్క తూరి తాడు లాగి చూడమ్మా. నాకు ఓపిక లేదు."

నాకూ లేదు. ఇంకో అబద్ధం వెతికే ఓపిక అస్సలు లేదు. చెయ్యి దానంతటదే పోయింది. లాగాను. గంట లేదు కదా... చప్పుడు రాలేదు. ఫోనులో ఆమె ఊపిరి... గర్... గర్...

నా గుప్పిట్లో తాడు కదిలింది.

కొంచెం బిగిసింది... ఆగింది... తర్వాత, ఎవరో పైనుంచి లాగినట్టు, ఒక్కసారి... మెల్లగా. రుద్రప్ప అట్లాగే లాగేవాడు.

"ఏమంటాండాడు పాపా?"

"వస్తాండాడమ్మా," అన్నాను.

"నిదానంగా దిగమను. మోకాళ్ల నొప్పులోడు."

పైన మెట్టు కిర్రుమంది. ఆగింది. ఇంకో మెట్టు...

ఫోను తెగిపోయింది.

వీధిలోకి పరుగెత్తాను. మౌలన్న వచ్చి లాంతరుతో పైదాకా వెతికాడు. తాళం వేసినట్టే ఉంది. "ఎలకలక్కా," అన్నాడు. అయి ఉండొచ్చు... ఎలుక ఒక్కసారే లాగి ఊరుకుంటుందా? ఇప్పటికీ తెలియదు.

ఇంటికి పోయి పడుకున్నా నిద్ర రాలేదు. భయం కంటే ఇంకోటి పీకుతూ ఉంది. ఫోను తెగింది, నేను రావద్దని లాగలేదు. ఆ మోకాళ్లతో ఆయన ఇంకా దిగుతూనే ఉన్నాడేమో...

తెల్లవారగానే అందరికంటే ముందు పోయాను. ఆకుపచ్చ గుడ్డ తాడు పట్టుకుని రెండుసార్లు లాగాను. కాసేపు అట్లాగే నిలబడ్డాను. తర్వాత చీపురు తీసుకుని మెట్లు ఊడ్చాను.