కడుక్కున్న చేతులు

2022 వానాకాలం. జగిత్యాల దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో రోబోటిక్స్ ల్యాబ్ ఇంచార్జిగా చేరి అప్పటికి రెండేళ్ళయింది. అంతకుముందు తొమ్మిదేళ్ళు పుణెలో కార్ల ఫ్యాక్టరీలకు గ్రిప్పర్లు తయారుచేశాను. గ్రిప్పర్ అంటే రోబో చేతి చివర ఉండి వస్తువును పట్టుకునే భాగం. కారు తలుపును పట్టేదొకటి, అద్దాన్ని పట్టేదొకటి. కాలేజీకి వచ్చాక కోడిగుడ్డును పగలకుండా పట్టేది కూడా ఒకటి చేసి, వచ్చినవాళ్ళందరికీ చూపించి మురిసిపోయేదాన్ని. మా కోరుట్లలో చుట్టాలు మాత్రం కనిపించినప్పుడల్లా ఒకటే అడిగేవాళ్ళు, నీ రోబో చాయ్ పెడతదా అని. పెట్టదంటే, మరి ఇన్నేళ్ళు ఏం చదివినవే అని నవ్వేవాళ్ళు.

ఆ కోడిగుడ్డు సంగతి విని రాజేశం నా దగ్గరికి వచ్చాడు. సిరిసిల్లలో వైపని చేసే మనిషి. వయసు యాభై నాలుగు. మా కాలేజీ అటెండర్‌కు వియ్యంకుడవుతాడు, ఆయనే వెంటబెట్టుకొచ్చాడు. వైపని అంటే తెలియనివాళ్ళ కోసం రెండు మాటలు చెప్పాలి. సిరిసిల్లలో మరమగ్గాన్ని సాంచ అంటారు. సాంచకు కావలసిన నిలువు పోగులన్నీ బీము అనే లావాటి ఇనుప గొట్టానికి చుట్టి ఉంటాయి. ఆ బీము అయిపోగానే కొత్తది ఎక్కించి, పాత పోగు చివరకు కొత్త పోగు చివరను ఒక్కొక్కటిగా చేత్తో అతకాలి. అలా వేల పోగులు. ముడి వేస్తే, సాంచలో పోగులు దాటాల్సిన దువ్వెనలాంటి చట్రం పళ్ళలో ఇరుక్కుంటుంది. అందుకని రెండు చివరలూ కలిపి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య మెలిపెడతారు. ఆ మెలి జారిందంటే బట్ట పొడవునా గీత పడుతుంది.

రాజేశం కుడిచేతిలో సరిగ్గా ఆ రెండు వేళ్ళే షుగర్ వల్ల మొద్దుబారిపోయాయి. వేళ్ళు కదులుతాయి, స్పర్శ తెలియదు. అతను అతికిన రెండు బీములు వరసగా జారి సాంచలు ఆగిపోవడంతో, పని ఇచ్చే ఆసామి సత్తయ్య పిలవడం మానేశాడు. ఆసామి అంటే నాలుగైదు సాంచలు నడుపుకునే చిన్న యజమాని. ఆయన్ని తప్పుపట్టడానికి లేదు, సాంచ ఆగితే ఆయన ఇల్లూ ఆగుతుంది.

రాజేశం తన రెండు వేళ్ళనూ నా టేబుల్ మీద పెట్టి చూపించాడు. "వేళ్ళు ఉన్నయి మేడం. పోగు పట్టిన్నో ఇడిసిన్నో ఎరుకైతలేదు. ముప్పై ఏండ్లసంది గిదే పని. ఇంకో పని రాదు. గుడ్డును పట్టినట్టు పోగును పట్టేది చేస్తరా?"

చేస్తానన్నాను. ఎంత ధీమాగా అన్నానో తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

నా ఆలోచన తేలికైనదే. వేళ్ళకు తొడుక్కునే చిన్న పరికరం. రెండు రబ్బరు రోలర్లు, వాటిని తిప్పే బుల్లి మోటారు. మధ్యలో ఫోర్స్ సెన్సార్, అంటే ఎంత ఒత్తిడి పడుతోందో కొలిచేది. మెలి బిగిసిందనగానే మణికట్టు దగ్గర చిన్నగా బుర్రుమంటుంది. మణికట్టుకు స్పర్శ ఉంది కాబట్టి వేలు చెప్పలేని మాట మణికట్టు చెబుతుంది. దీన్ని మా భాషలో హాప్టిక్ ఫీడ్‌బ్యాక్ అంటారు. ముందుగా అతని చేతి కదలికను వీడియో తీసి కొలతలు తీసుకోవాలి. ఫలానా రోజు పదింటికి కెమెరాలతో వస్తామని రెండు రోజుల ముందే ఫోన్ చేసి చెప్పాను. పద్ధతిగా పనిచేస్తున్నానని నా నమ్మకం.

వెళ్ళేసరికి ఇల్లు అలికి ఉంది. రాజేశం ఇస్త్రీ చొక్కా వేసుకుని, తడి చేతులు తువ్వాలుతో తుడుచుకుంటూ ఎదురొచ్చాడు. గోళ్ళ సందుల్లో కూడా ఇసుమంత మురికి లేదు. అతని భార్య నర్సవ్వ బీడీల చాట పక్కకు జరిపి, మాకు కుర్చీలు వేసి, చాయ్ ఇచ్చింది. ఆమె చుట్టే బీడీల మీదే అప్పుడు ఇల్లు గడుస్తోంది. రాజేశం మా కెమెరా ముందు కూర్చుని నెమ్మదిగా, ముచ్చటగా పోగులు అతికి చూపించాడు. పదింటిలో నాలుగు జారాయి. పాపం, వేళ్ళకు తెలియక పట్టు చాలడం లేదని రాసుకున్నాను.

ఇక మూడు నెలలు నాకు చుక్కలు కనబడ్డాయి. మొదటి పరికరంలో పోగు జారింది. పట్టు చాలలేదనుకుని ఒత్తిడి పెంచాను, పోగు నలిగి తెగింది. తగ్గించాను, మళ్ళీ జారింది. రబ్బరు మార్చాను, మోటారు మార్చాను, సెన్సార్ ఇంకొకటి తెప్పించాను. వేడివేడి ఇంజన్ భాగాలను ఎత్తి అవతల పెట్టే యంత్రాలు చేసినదాన్ని, వెంట్రుకంత పోగు నన్ను ఏడిపిస్తోంది. నేను ఏడ్చిన మాట కూడా నిజమే, ఒకసారి. రాజేశం మాత్రం వారానికోసారి బస్సెక్కి వచ్చి, పరికరం తొడుక్కుని, జారిన పోగులు చూసి, "అయితది తీ మేడం" అని నాకే ధైర్యం చెప్పి వెళ్ళేవాడు.

కార్తీకంలో ఒకరోజు మధ్యాహ్నం, నావల్ల కాదని చెప్పేద్దామని సిరిసిల్ల బయలుదేరాను. ఆ మాట ఫోన్‌లో చెప్పడం మర్యాద కాదనిపించింది. వస్తున్నానని ముందుగా చెప్పడానికి మొహం చెల్లలేదు.

తలుపు తీసే ఉంది. రాజేశం బనీనుతో నేలమీద కూర్చుని ఉన్నాడు. ఎక్కడినుంచో తెచ్చుకున్న మిగులు పోగులను కిటికీ చువ్వకు జడలా కట్టి, ఒక్కొక్కటే అతుకుతున్నాడు. జారితే మళ్ళీ మొదలు. రోజూ అంతేనని తర్వాత నర్సవ్వ చెప్పింది. బయటివాళ్ళెవరికీ తెలియకుండా, పిలవని పనికి చేయి సిద్ధం చేసుకుంటున్నాడు. గుమ్మం దగ్గరే ఆగిపోయాను.

నన్ను చూసి ఉలిక్కిపడి లేచాడు. పక్కనున్న పౌడర్ డబ్బా మూతను కాలితో మంచం కిందికి తోశాడు. "చేతులు కడుక్కొని అస్త మేడం, కూసోండ్రి" అంటూ తొట్టి వైపు నడిచాడు. వేళ్ళు తెల్లగా ఉన్నాయి.

"కాకా, ఆగు. మూతలో ఏముంది?"

"ఏం లేదు, బూడిద."

"బూడిదెందుకు?"

"పోగు జారకుండ అద్దుకుంటం. అందరు అద్దుకుంటరు."

"మరి వీడియో తీసిన రోజు లేదు కదా?"

చిన్న పిల్లకు చెప్పినట్టు నిదానంగా చెప్పాడు. "మీరు కెమెరలు వట్టుకొని అంత దూరంకెల్లి అస్తిరి. బూడిద చేతులతోటి మీ ముందట కూసుంటనా మేడం?"

మూల కూర్చున్న నర్సవ్వ బీడీ మూతి మడుస్తూ తలెత్తకుండానే అంది. ఆ రోజు సబ్బుతో మూడుసార్లు కడిగాడట, తాను అద్దుకొమ్మన్నా వినలేదట. పరికరానికైనా బూడిద అద్దాలని ఇన్ని వారాల్లో ఎందుకు చెప్పలేదని అడిగితే, అంత ఖరీదైన మిషన్‌కు పొయ్యి బూడిద పూయమని ఎట్లా చెబుతానన్నాడు రాజేశం. నాకు నవ్వొచ్చింది, వెంటనే నామీద నాకు కోపమొచ్చింది. మూడు నెలలు నేను కొలిచింది అతని పనిని కాదు, అతని మర్యాదను. మొద్దుబారిన వేళ్ళు జార్చినవి పదిలో నాలుగు కాకపోవచ్చు. కడుక్కున్న చేతులతో మంచి వేళ్ళున్నవాళ్ళు అతికినా కొన్ని జారేవే.

అక్కడే సంచిలోంచి పరికరం తీశాను. రోలర్లకు బూడిద అద్ది, ఒత్తిడిని సగానికి తగ్గించాను. మొదటి పోగు మెలి పడింది. రాజేశం మణికట్టు బుర్రుమంది. లాగి చూశాడు, జారలేదు. ఇంకొకటి అతికాడు, అదీ నిలిచింది. నర్సవ్వ చాట పక్కనపెట్టి దగ్గరికొచ్చి కూర్చుంది.

అంతటితో అయిపోలేదు. రెండో రోజుకల్లా బూడిద గేర్లలోకి దూరి మోటారు బిగుసుకుపోయింది. కోరుట్లలో పంక్చర్లు వేసే దుకాణం నుంచి పాత సైకిల్ ట్యూబు తెచ్చి, ముక్క కోసి మోటారుకు తొడిగాను. నా తొమ్మిదేళ్ళ పుణె అనుభవంలో అంత చవకైన సీల్ ఎప్పుడూ వాడలేదు. నర్సవ్వ బూడిదను పాత చీర ముక్కలో జల్లించి మెత్తగా చేసి ఇచ్చింది.

సత్తయ్యను ఒప్పించడానికి రాజేశం తానే వెళ్ళాడు. ఆసామి షరతు ఒకటే. ఒక్క బీము ఇస్తాడు, జారితే ఇక ఈ గుమ్మం తొక్కనని రాజేశమే ఒప్పుకోవాలి. తంగళ్ళపల్లిలో ఆయన షెడ్డు. ఉదయం కూర్చున్న రాజేశం సాయంత్రానికి గానీ లేవలేదు, మామూలుగా పట్టేదానికి రెండింతల సమయం పట్టింది. తర్వాత సత్తయ్య బీమును చేత్తో మెల్లగా తిప్పాడు. అతికిన చోట్లన్నీ దువ్వెన పళ్ళలోంచి వరసగా దాటుతున్నాయి. నేను పక్క సాంచ దగ్గర నిలబడి చూస్తున్నాను. రాజేశం అటు చూడలేదు, గోడకున్న స్విచ్‌బోర్డు వైపు చూస్తూ నిలబడ్డాడు.

సత్తయ్య కళ్ళద్దాలు పెట్టుకుని వంగి, ఈ చివర నుంచి ఆ చివర దాకా రెండుసార్లు చూశాడు.

"నాలుగు వోయినయి" అన్నాడు. రాజేశం తల వంచుకున్నాడు. సత్తయ్య ఆ నాలుగు పోగులనూ తానే అందుకుని, బూడిద అద్ది మెలిపెట్టాడు. "నాలుగు నాకు గూడ పోతయి తియ్. రేపు ఇంకో బీము దిగుతది, జెల్ది రా."

రాజేశం బయటికొచ్చి పంపు దగ్గర మొహం కడుక్కున్నాడు, చాలాసేపు కడుక్కున్నాడు.

ఆ పరికరం గురించి తర్వాత ఒక పరిశోధన పత్రం రాశాను. వాడిన పదార్థాల జాబితాలో కట్టెల పొయ్యి బూడిద అని నిజాయితీగా రాస్తే, అది ఏ గ్రేడు, ఏ కంపెనీదని పత్రికవాళ్ళ పరిశీలకులు అడిగారు. నర్సవ్వ జల్లించిందని రాయాలనిపించింది, రాయలేకపోయాను. ఇప్పుడు నా విద్యార్థులు ఎవరి పనినైనా కొలవడానికి వెళ్తే ఒకటే చెబుతాను. చుట్టంలా వెళ్ళకండి. ఫోన్ చేసి వెళ్తే వాళ్ళు మీకు గౌరవం చూపిస్తారు, పని చూపించరు. వెళ్ళాక ముందు చాప మీద కూర్చోండి, కెమెరా సంచిలోనే ఉండనివ్వండి, నాలుగోసారి వెళ్ళినప్పుడు తీయండి.

పోయిన నెల సిరిసిల్ల మీదుగా వస్తూ, చెప్పకుండానే తంగళ్ళపల్లిలో దిగాను. సత్తయ్య షెడ్డులో రాజేశం కొత్త బీము ముందు కూర్చుని ఉన్నాడు. చేతికి పరికరం, దాని మీద మూడోసారో నాలుగోసారో మార్చిన ట్యూబు ముక్క, మోచేతి దాకా బూడిద. నన్ను చూశాడు. లేవలేదు, తువ్వాలు వెతకలేదు. పక్కనున్న స్టూలును కాలితో నావైపు జరిపాడు.

"కూసో బిడ్డా. పోగు చేతిలున్నది."

కూర్చున్నాను.