మా పెదనాన్న చూపించిన అరుంధతి

వామన్‌రావు మా పెదనాన్న. ఈ మాట గర్వంగా చెప్పడం లేదు. చుట్టాలు మనం ఏరుకుంటే వచ్చేవాళ్ళు కాదు గనుక చెప్తున్నాను. లాల్‌దర్వాజా గల్లీల్లో ఆయన్ని ఎరగని తెలుగు ఇల్లు ఉండేది కాదు. ఆ చుట్టుపక్కల ఎవరింట పెళ్ళయినా అరుంధతీ నక్షత్రాన్ని చూపించే చెయ్యి ఆయనదే. పురోహితుడు మంత్రం చదివి ఆగేవాడు, బాజాలు ఆగేవి. మా పెదనాన్న శేర్వానీ చెయ్యి పైకి లాక్కుని, చూపుడువేలు ఉత్తరానికి విసిరి, "అదుగో, వశిష్ఠుని పక్కన, సన్నంగ మెరుస్తున్నది చూడుండ్రి" అనేవాడు. పెళ్ళికూతురు తలెత్తి "కనిపించింది" అనేది. పెళ్ళికొడుకూ అనేవాడు. అక్కడున్న పెద్దలంతా తామూ చూసినట్టు తలలూపేవారు. పగటి ముహూర్తాలకైతే సూర్యుడు నెత్తిన ఉండగానే ఆ వేలు లేచేది. నిజంగానే జనానికి పట్టపగలు చుక్కలు చూపించిన మనిషి ఆయన.

ఇంతటి ఆకాశ పండితుడు ఆకాశం కింద ఎప్పుడైనా ఒక ఘడియ కూర్చున్నాడా అంటే, లేదు. దసరా వెళ్ళి గాలి పొడిబారిందంటే ఆయన చెవుల్లోకి దూది, మెడకు మఫ్లరు, నెత్తికి కోతిటోపీ వచ్చేసేవి. దీపావళి నాటికి తన గది కిటికీ సందుల్లో పాతగుడ్డ పేలికలు కుక్కించేవాడు. ఇంట్లో ఆడవాళ్ళందరం కార్తీకమంతా చుక్కలుండగానే లేచి, బావి దగ్గర చన్నీళ్ళు పోసుకుని, పళ్ళు టకటక కొట్టుకుంటుంటే తులసి దగ్గర దీపాలు పెట్టేవాళ్ళం. ఆయన కుంపటి పక్కన రజాయిలో ముడుచుకుని, "తలుపు దగ్గరికెయ్యండే, గాలొస్తున్నది" అని లోపలి నుంచి అరిచేవాడు. ఎండాకాలంలో ఊరు ఊరంతా మిద్దెల మీద పడుకుంటే ఆయన మాత్రం మంచు పడుతుందని గదిలోనే ఉక్కపోతలో పడుకునేవాడు. వైశాఖంలో మంచు!

కచేరీలో పెద్ద గుమాస్తా. సర్కారు మారినా, కాగితాల మీద భాష మారినా, పై అధికారి గొంతు వినగానే కుర్చీలోంచి లేచి నిలబడే అలవాటు మాత్రం మారలేదు. అక్కడ పిల్లి, ఇంట్లో పులి. నేను చెప్పబోయే పెళ్ళి జరిగిన ఏడే రష్యావాళ్ళు తాము తయారుచేసిన ఓ చుక్కను ఆకాశంలోకి పంపారు. నెల తిరిగేసరికి ఇంకోటి పంపారు, అందులో కుక్కను కూర్చోబెట్టి. పాతబస్తీ అంతా మిద్దెలెక్కి మెడలు పట్టేసేలా చూసింది. కిటికీకి పేలికలు కుక్కుకున్న మా పెదనాన్న మర్నాడు కచేరీలో తనకు రోజూ కనిపిస్తున్నదని చెప్పాడట. "కుక్క గూడ కనిపించిందా వామన్‌రావు సాబ్?" అని ఎవరో వెటకారానికి అడిగితే, "జరంత" అన్నాడట. ఆ మనిషికి సిగ్గు కూడా చలికి భయపడి బయటికి వచ్చేది కాదు.

ఆ కార్తీకం చివర్లో మా రఘునాథ్ బావ పెళ్ళి జరిగింది. బావ మా మేనత్త రంగనాయకి కొడుకు. అత్త చిన్న వయసులోనే భర్తను పోగొట్టుకుని, చంకలో పిల్లాడితో పుట్టింటికి వచ్చింది. అప్పటి నుంచి అన్న మాటే ఆమెకు వేదం. కొడుక్కి తల్లి మాటే వేదం. ఇలా వేదాలు ఎక్కువైన ఇంట్లో బుద్ధి తక్కువగా ఉండటంలో ఆశ్చర్యం లేదు. నేను కార్తీకానికి అత్తవారింటి నుంచి వచ్చి ఉన్నాను కనుక జరిగిందంతా చూశాను.

పెళ్ళికూతురు రాజమణి. శాలిబండలో ఓ చిన్న గుడి పూజారి రంగనాథ్ గారి అమ్మాయి. పెళ్ళి వాళ్ళింటి ముంగిట్లోనే, రాత్రి ముహూర్తం. అమావాస్య దగ్గరపడింది కాబట్టి చంద్రుడు లేడు. ఆకాశం కడిగిన పళ్ళెంలా ఉంది. తలంబ్రాలయ్యాక పురోహితుడు యథాప్రకారం మా పెదనాన్న వైపు తిరిగాడు. వేలు లేచింది. మా బావ తల పూర్తిగా ఎత్తకముందే "కనిపించింది" అన్నాడు. రాజమణి మాత్రం ఆ వేలు చూపిన చోటు చూసింది. చాలాసేపు చూసింది.

"నాకు కనిపిస్తలేదు" అంది.

పెదనాన్న మొహం మాడింది. "మంచిగ చూడమ్మా. వశిష్ఠుని పక్కనే" అన్నాడు.

"చూసిన. అక్కడ లేదు."

ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని వెనక నుంచి ఎవరో గొణిగారు. పురోహితుడు గబగబా తర్వాతి మంత్రం ఎత్తుకున్నాడు.

అది అక్కడితో పోయేది. పోనిస్తే వామన్‌రావు ఎందుకవుతాడు? పేనుకు పెత్తనమిస్తే తలంతా కొరికిందట. తిరుగు ప్రయాణంలో టాంగాలోనే మొదలుపెట్టాడు. "రంగా, నేను చెప్పొద్దనుకున్న. పోయే కాలం దగ్గరికొచ్చినోళ్ళకు అరుంధతి కనిపించదు. ఆర్నెల్లు. శాస్త్రంల ఉన్నది."

పెద్దలు చెప్పే మాటే అది, కొత్తగా పుట్టించింది కాదు. కానీ ముప్పావు జీవితం భయంతో గడిపిన విధవ చెవిలో ఆ మాట ఊదడానికి మాత్రం వామన్‌రావంతటి వాడే కావాలి. అత్త ఆ రాత్రి నిద్రపోలేదు. పొద్దున కోడలు గడప మీద బియ్యపు చెంబు తన్ని లోపలికి వస్తుంటే, ఆ కాలు చూడలేదు, మొహం చూసింది, ఇంకెన్నాళ్ళుంటుందో అన్నట్టు. ఆ సాయంత్రమే తేల్చేసింది. పిల్లను మూడోనాడు తెల్లారగానే తండ్రి వెంట పుట్టింటికి పంపెయ్యాలి. ఆర్నెల్లు గడవాలి. బతికుంటే అప్పుడు చూద్దాం.

"నాకైంది నా కొడుక్కి కావొద్దు. పెండ్లాం పోయి వాడు ఒంటరిగ నిలబడితే నేను చూడలేను" అంది అత్త. మా బావ గోడకానుకుని గోళ్ళు కొరుక్కుంటూ నిలబడ్డాడు. ఒక్క మాట అనలేదు. వాడి గురించి నేను కూడా అంతకంటే ఎక్కువ చెప్పను.

మూడోనాడు వెనక్కి పంపిన పిల్లను మళ్ళీ తీసుకొచ్చే ఆచారం లోకంలో లేదు. ఆర్నెల్లలో నూరు పుకార్లు పుడతాయి, పిల్లకు రోగమంటారు, గ్రహమంటారు. ఆ సంగతి రాజమణికీ తెలుసు, వాళ్ళ నాన్నకీ తెలుసు. రంగనాథ్ గారు పరుగెత్తుకొచ్చారు. మా పెదనాన్న కుంపటి ముందు నిలబడి రెండు చేతులూ జోడించారు.

"వామన్‌రావు గారూ, మీ మాటంటే మీ చెల్లెలికి గురి. ఆ రోజు మబ్బు గిట్ల ఉండె, అందుకే కనిపించలేదు అని ఒక్క మాటనుండ్రి. నా బిడ్డ బతుకు నిలబడతది."

మా పెదనాన్న మఫ్లరు సర్దుకున్నాడు. "మబ్బా? తునకంత మబ్బు లేదు. నా కండ్లతోటి నేను చూసిన. అబద్ధం నా నోట రాదు రంగనాథ్ గారూ" అన్నాడు.

ఆ పూజారి గారు కళ్ళు తుడుచుకుంటూ మెట్లు దిగి వెళ్ళడం చూసినప్పుడు మా పెదనాన్న మీద నాకు పుట్టిన అసహ్యం ఇప్పటికీ చల్లారలేదు.

మూడోనాడు తెల్లవారుజామున, ఎప్పటిలాగే స్నానాలు ముగించి, మడిబట్టలు ఆరేయడానికి నేనూ రాజమణీ మిద్దె ఎక్కాం. రాళ్ళు చల్లగా అరికాళ్ళకు అంటుకుంటున్నాయి. పక్కింటివాళ్ళ కబూతర్‌ఖానాలో పావురాలు కదులుతున్నాయి. కింద వసారాలో రాజమణి ట్రంకుపెట్టె కట్టేసి ఉంది. ఆ పిల్ల కర్రతో చీరను దండెం మీదికి ఎత్తుతూ ఎత్తుతూ ఆగిపోయింది.

"ప్రభక్కా, గదిగో అరుంధతి."

ఈశాన్యం మూలన ఏడుగురు ఋషులు నిటారుగా నిలబడి ఉన్నారు. పైన నాలుగు మంచంకోళ్ళు, కింద మూడు చుక్కల తోక. ఆ తోకలో నడిమి చుక్క వశిష్ఠుడు. ఆయనకు ఆనుకుని చిన్నది, సన్నంగా, కచ్చితంగా ఉంది.

"మరి మా పెదనాయన ఉత్తరానికి చూపించె గద?" అన్నాను.

"ఎండాకాలంల అయితే మాపటికి ఉత్తరం దిక్కే ఉంటయక్కా. మేము మిద్దె మీద పండుకుని రోజూ చూస్తుంటిమి. ఈ చలి దినాలల్ల గవి తెల్లారుజామున గాని రావు. ఆ రాత్రి అక్కడ లేకుండె. లేనిదాన్ని ఉన్నదని ఎట్లంటా?"

నాకు అంతా ఒక్కసారి అర్థమైంది. అరుంధతిని చూపించే పని మొదట మా తాతది. తాతకు చుక్కలు తెలుసు. ఎండాకాలపు పెళ్ళిళ్ళలో ఆయన చెయ్యి ఉత్తరానికి లేస్తుంటే పక్కన నిలబడి పెదనాన్న చూశాడు. తండ్రి చెయ్యి నేర్చుకున్నాడు, ఆకాశం నేర్చుకోలేదు. ఏ నెలలో పెళ్ళయినా, పగలైనా, రాత్రయినా, అదే వేలు అదే మూలకు. ఇన్నేళ్ళూ ఇన్ని జంటలు ఖాళీ చోటుకు దండం పెట్టాయి. అక్కడ చుక్క లేదన్న ఒక్క పిల్లకు మేం పెట్టె కట్టి సిద్ధం చేశాం. నాకు ఒళ్ళు మండిపోయింది.

దడదడా మెట్లు దిగి అత్తను పిలిచాను. "అత్తా, పిల్లను పంపేముందు ఒక్కసారి పెదనాయనతోటి అరుంధతిని మళ్ళ చూపియ్యి. ఇప్పుడు గూడ కనిపించకుంటే నేనే టాంగా ఎక్కిస్త" అన్నాను. అత్తకు అది న్యాయంగానే తోచింది. అన్న తలుపు తట్టింది.

"ఈ చలిలనా? నన్ను చంపుతరా ఏంది?" అని లోపలి నుంచి లొల్లి. కానీ చెల్లెలు తలుపు వదల్లేదు. చివరికి రజాయి చుట్టుకుని, చుట్టచుట్టిన పరుపు నడిచొచ్చినట్టు, మూలుగుతూ మిద్దె ఎక్కాడు.

"అన్నా, అరుంధతి ఏడున్నదో చూపియ్యి" అంది అత్త.

ఆయన తల కూడా ఎత్తలేదు. రజాయిలోంచి చెయ్యి వచ్చింది. వేలు ఉత్తరానికి లేచింది. "అదుగో. వశిష్ఠుని పక్కన, సన్నంగ."

వేలు చూపిన చోట పక్కింటి కబూతర్‌ఖానా వెదురుగడలున్నాయి. వాటి పైన చెప్పుకోదగ్గ చుక్క ఒక్కటీ లేదు. ఏడుగురు ఋషులూ ఆయన కుడిభుజానికి అవతల నిలబడి ఉన్నారు. అత్త ఆ వేలును చూసింది, తర్వాత ఈశాన్యం వైపు చూసింది.

"ఋషులు గక్కడున్నరు గద అన్నా?"

పెదనాన్న తిరిగి చూసి నోరు తెరిచాడు. "ఆ... గదే. చలికి వేలు వంకరపోయింది" అన్నాడు.

నేను నవ్వాను. ఆపుకోలేదు, ఆపుకోవాలనీ అనుకోలేదు. రాజమణి నవ్వలేదు. అత్త దగ్గరికి వెళ్ళి, "అత్తయ్యా, ఆ తోకల నడిమి చుక్క చూడుండ్రి. దాని పక్కన చిన్నది" అంది.

అత్త కళ్ళు చిట్లించి చూసింది. కొంగుతో తుడుచుకుని మళ్ళీ చూసింది. పొయ్యి పొగలో మసకబారిన కళ్ళవి. సూదిలోకి దారం నాతోనే ఎక్కించుకునే మనిషి. ఆమెకేం కనిపిస్తుంది? ఆమె మొహం మెల్లగా పాలిపోయింది. తను చెప్పిన ఆర్నెల్లు తనకే గుర్తొచ్చాయి. ఆ ఒక్క నిమిషం నాకు అత్త మీద జాలి కలిగింది. రాజమణికీ అర్థమైంది. "మీకు కనిపిస్తలేదా అత్తయ్యా?" అని ఒక్క మాట అడిగితే చాలు, లెక్క సరిపోయేది. నేనైతే అడిగేదాన్ని.

"కనిపించింది" అంది అత్త, కళ్ళు దించుకుని.

"కనిపిస్తదత్తయ్యా" అంది రాజమణి. "కనిపించకున్నా ఏం కాదు. ఫికర్ చెయ్యకుండ్రి."

అత్త ఆ పిల్ల చెయ్యి పట్టుకునే మెట్లు దిగింది. తెల్లారేసరికి రంగనాథ్ గారు టాంగా తెచ్చి వాకిట్లో తల దించుకుని నిలబడ్డారు. అత్త వసారాలోని ట్రంకుపెట్టెను తనే ఈడ్చుకుంటూ లోపలి గదిలో పెట్టింది. బయటికి వచ్చి, "కాఫీ తాగి పోండి. పిల్ల ఇక్కడే ఉంటది" అంది. ఆర్నెల్ల మాట మళ్ళీ ఆ ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. పెదనాన్నకు మాత్రం జలుబు చేసింది. ఆడవాళ్ళ మూఢనమ్మకం పోగొట్టడానికి చలిలో ప్రాణం మీదికి తెచ్చుకున్నానని కచేరీలో చెప్పుకున్నాడు.

మార్గశిరంలో మా గల్లీలోనే దుకాణదారు విశ్వేశ్వర్ గారింట పెళ్ళి. మళ్ళీ రాత్రి ముహూర్తం. బాజాలు ఆగాయి, పురోహితుడు మా పెదనాన్న వైపు తిరిగాడు. చెయ్యి అలవాటుగా లేచింది. అంతలో ఎదురుగా ఆడవాళ్ళ గుంపులో అక్షతల పళ్ళెం పట్టుకుని నిలబడ్డ రాజమణి కనిపించింది. ఆ పిల్ల నవ్వడం లేదు, ఊరికే చూస్తోంది. చెయ్యి సగంలో ఆగి, కోతిటోపీ దాకా వెళ్ళి, చెవి దగ్గర గోక్కుంది.

"మబ్బు పట్టింది. ఇయ్యాల కనిపించదు" అన్నాడు మా పెదనాన్న.

అందరూ తలలెత్తారు. మబ్బు తునక లేదు. మార్గశిరపు ఆకాశం నిండా గుప్పెళ్ళకొద్దీ చుక్కలు వెలుగుతున్నాయి.

"అవునవును, మస్తు మబ్బున్నది" అన్నారు పెద్దలంతా.