క్లాసిక్ కాదని నేను నిరూపించబోయిన క్యాసెట్

ఆ రోజుల్లో మనిషికి ఏ పాట నచ్చాలో చెప్పే ఫోన్లు చేతుల్లో లేవు. వనపర్తిలో ఆ పని నేను చేసేవాణ్ని. గొప్పలకు పోతున్నాననుకోకండి (కొంచెం పోతున్నాను, ఈ వయసులో ఆ మాత్రం ఉంటుంది). డిగ్రీ రెండో ఏడు ఇంగ్లీషు పేపరు తప్పి, ఊళ్లో మొహం చూపించలేక, బస్టాండు ఎదురు సందులో ఉన్న రికార్డింగు సెంటర్లో చేరాను. ఖాళీ క్యాసెట్లలో జనం అడిగిన పాటలు నింపి ఇవ్వడం మా పని. మొదట్లో ఏ పాటలు కావాలో వాళ్లే చెప్పేవాళ్లు. తర్వాత్తర్వాత ‘అన్నా, ఏం నింపుతవో నీ ఇష్టం, మంచిగుంటె సాలు’ అని క్యాసెట్ నా చేతిలో పెట్టి సంతకు పోయేవాళ్లు. ఆ ‘నీ ఇష్టం’ చెవిన పడ్డప్పుడల్లా నేను జానెడు పొడుగు పెరిగినట్టుండేది. పైగా ప్రతి క్యాసెట్టూ నా గొంతుతోనే మొదలయ్యేది. మా కొట్టు సేటు కొన్న రికార్డింగు డెక్కుకు ఒక మైకు ఉండేది. దాన్ని నోటి దగ్గర పెట్టుకుని, ముక్కు కాస్త బిగబట్టి, రేడియోలో వార్తలు చదివే ఆయనలాగా ‘శ్రోతలకు నమస్కారం, మధుర గీతాలను ఆస్వాదించండి’ అని పలికేవాణ్ని. మా ఊరు తిమ్మాజిపేట పక్కన. అక్కడ అలా మాట్లాడితే కుక్కలు వెంటపడతాయి.

మా సేటుకు ఒక మేనల్లుడు. హైదరాబాదులో ఏదో కంప్యూటర్ కోర్సు చేశాడు. పని దొరికేదాకా మేనమామ దగ్గర ఉండమని వాళ్లమ్మ పంపితే వచ్చాడు. వచ్చిన పూటే అందరూ వాడికి సిటీ అని పేరు పెట్టేశారు. నల్లద్దాలు, చెవికి సెల్లు, వాడి వెనకాలే సీడీలు రాసే కంప్యూటర్ ఒకటి. దాన్ని పెట్టడానికి చోటు కావాలని నా డెక్కును గోడవారకు జరిపారు, నా స్టూలుతో సహా. అంతవరకు జనం నా మొహం చూసి మాట్లాడేవాళ్లు. ఆ రోజు నుంచి నా వీపు చూసి మాట్లాడారు. కొన్నాళ్లకు అదీ మానేశారు.

సిటీ తెచ్చిన సీడీల్లో ఒకటి అమెరికా హిప్‌హాప్ ఆల్బం. అట్ట మీద టోపీ తిప్పి పెట్టుకుని, ఎద్దుకు కట్టే పలుపంత లావు బంగారు గొలుసు మెడలో వేసుకున్న మనిషి. ఆయన పేరు మాకెవరికీ నోరు తిరగలేదు, గొలుసాయన అనేశాం. ఆయన పాడడు. ఎవరో తరుముతున్నట్టు ఒక్క ఊపిరిన మాట్లాడుకుంటూ పోతాడు, వెనకాల డప్పులాంటిది దబదబా మోగుతూనే ఉంటుంది. సాయంత్రం కాగానే కాలేజీ పోరగాళ్లు గుంపుగా వచ్చి దానికి తలలూపేవాళ్లు. సిటీ ఒకే మాట అనేవాడు, ‘క్లాసిక్ భాయ్, ఇది క్లాసిక్’ అని. పోరగాళ్లు కూడా ‘క్లాసికే అన్నా’ అనేవాళ్లు. నిన్నమొన్నటిదాకా నాతో ‘నీ ఇష్టం’ అన్న నోళ్లే అవి.

నాకు ఒళ్లు మండిపోయింది. ‘క్లాసిక్ అంటె ఏందో తెల్సా నీకు?’ అని ఒకరోజు అందరి ముందే అడిగాను. ‘నువ్వే చెప్పు భాయ్’ అన్నాడు సిటీ. ‘క్యాసెట్ అరిగి, రీలు తెగి, గదే మల్ల నింపియ్యి అని మనిషి తిరిగొస్తె గది క్లాసిక్. మొన్నొచ్చింది మొన్ననే క్లాసిక్ ఎట్లయితది? నిన్న పెట్టిన మామిడికాయ తొక్కును పాత తొక్కంటమా?’ అన్నాను. పోరగాళ్లు నవ్వారు. సిటీ నవ్వకుండా జాలిగా చూసి, ‘నీకు ఇంగ్లీష్ రాదు గద భాయ్, అందుకే ఎక్కుతలేదు’ అన్నాడు. పోరగాళ్లు మళ్లీ నవ్వారు, ఈసారి ఎక్కువసేపు. నా ఇంగ్లీషు పేపరు సంగతి వాడి చెవిన వేసింది మా సేటే అయ్యుంటాడు.

ఆ తర్వాత సిటీ భోజనానికి లేచినప్పుడల్లా ఆ సీడీ పెట్టుకుని విన్నాను. తప్పులు పట్టడానికే. అసూయపడ్డవాడు విన్నంత శ్రద్ధగా అభిమాని కూడా వినడు. ఎక్కడ డప్పు ఆగుతుందో, ఎక్కడ వెనక నుంచి ఆడమనిషి రాగం తీస్తుందో, ఎక్కడ గొలుసాయన గుక్క తిప్పుకుంటాడో అన్నీ నాకు నోటికి వచ్చేశాయి. సిటీ మాత్రం మూడో పాట చివరిదాకా వినగా నేను ఒక్కనాడూ చూడలేదు. అది సగంలో ఉండగానే సెల్లు మాట్లాడుకుంటూ బయటికి పోయేవాడు. అంతా విన్న నా మాటకు విలువ లేదు, సగం కూడా వినని వాడి మాట ఊరంతా చెల్లుతోంది. ఆ కుళ్లుతో నాకు అన్నం సయించేది కాదు. (నిజం చెప్పాలంటే ఆరో పాట బాగానే ఉంది. కానీ అది బయటికి అనే మాట కాదు కదా.)

సరిగ్గా ఆ రోజుల్లోనే హారన్ మామ కొట్టుకు వచ్చాడు. వనపర్తి నుంచి గద్వాలకు జీపు నడుపుతాడు. అవసరం ఉన్నా లేకున్నా హారన్ కొడతాడు కాబట్టి ఆ పేరు. మా దిక్కు ఒక పాట నిలబడిందా పడిపోయిందా తేల్చేది జీపులే. గద్వాల వైపు పత్తి విత్తనాల చేలల్లో క్రాసింగ్ పని, అంటే ఒక పువ్వు పుప్పొడిని ఇంకో పువ్వుకు అంటించే పని, ఉన్న రోజుల్లో తెల్లారకముందే ఆడవాళ్లు జీపు నిండా ఎక్కేవాళ్లు. వాళ్లకు నచ్చని క్యాసెట్ పెబ్బేరు దాటేది కాదు. సిటీ ఎదురెళ్లి, ‘మామా, ఈసారి గొలుసాయనది కొండవో, జీపు ఎగురుతది సూడు’ అన్నాడు. సీడీ జీపులో నడవదు, క్యాసెట్ నింపాలి. ఆ పని వాడికి రాదు. ‘నువ్వు జర నింపియ్యి భాయ్’ అని నాకు పురమాయించి, మేనమామతో కలిసి భోజనానికి వెళ్లిపోయాడు.

పిల్లికి పాలకుండ కాపలా అప్పజెప్పి పోయారు. ఆ క్యాసెట్ మొదట్లో శ్రోతలకు నమస్కారం చెప్పలేదు. దానికి నా గొంతు అంటకూడదని అప్పటికి నా పౌరుషం. మూడో పాట చివర మాటలు ఆగిపోయి ఒట్టి డప్పు చాలాసేపు మోగుతుంది. అక్కడికి రాగానే ఆగలేకపోయాను. మైకు లాక్కుని, జీపులోని ఆడవాళ్లకు ఈ పాటల బండారం బయటపెడదామని మొదలుపెట్టాను. రేడియో భాష రాలేదు. కోపంలో అది ఎవరికొస్తుంది? మా నాయనమ్మ నోరు వచ్చింది.

‘ఎవడు తరుముతుండురా నిన్ను, ఎందుకురా ఈ ఉరుకుడు? ఊపిరన్న తీస్కోవైతివి, నీళ్లన్న తాగవైతివి. మెడల గంత గొలుసేస్తె మాటెట్ల పెగులుతదిరా? కూసో బిడ్డ కూసో, జర నిమ్మలంగ చెప్పు. బస్సు వోయిందా, బర్రె తప్పిందా, పెండ్లాం అలిగి వోయిందా? కూసో బిడ్డ కూసో, జర నిమ్మలంగ చెప్పు.’

ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి. మా ఊళ్లో శనివారం శనివారం చెక్కభజన ఉండేది. చేతుల్లో కర్రచెక్కలు వాయిస్తూ గుండ్రంగా తిరిగేవాళ్లం. దరువు తప్పితే గురువు అదే చెక్కతో కాలి మడమ మీద కొట్టేవాడు. చిన్నప్పటి నుంచి ఆ దెబ్బలు తిని పెరిగినవాణ్ని, దరువు మోగుతుంటే దాన్ని తప్పించి మాట్లాడడం నాకు చేతకాదు. నేను తిడుతున్నాననే అనుకున్నాను. ఆ తిట్టు మాత్రం వెళ్లి గొలుసాయన డప్పు మీద మాటకు మాట సరిగ్గా కూర్చుంది. అది నాకు ఆ క్షణాన తట్టలేదు. ఇంకో రెండు పాటల చివర డప్పు ఖాళీగా దొరికితే అక్కడా కడుపులో ఉన్నదంతా కక్కేసి, క్యాసెట్ మామ చేతిలో పెట్టాను. ఆ పూట చాలా రోజుల తర్వాత మారు అన్నం పెట్టించుకుని తిన్నాను.

కొన్నాళ్లకు హారన్ మామ వచ్చి, రీలు తెగి బయటికి వేలాడుతున్న క్యాసెట్‌ను కౌంటరు మీద పెట్టాడు. నా గుండె గంతులేసింది. ‘ఏంది మామ, ఆడోళ్లు తెంపి పారేసిన్రా?’ అన్నాను.

‘అరిగి తెగింది పిలగా. గదే మల్ల నింపియ్యి. అది అయిపోయేదాక ఎర్రవల్లి కాడ జీపు దిగుతలేరు. ఐజ జీపోడు గూడ ఒకటి కావాల్నంటుండు.’

క్లాసిక్ అంటే ఏమిటో నేను అందరి ముందు చెప్పి నెల కూడా తిరగలేదు. పోరగాళ్లు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. సిటీ తీరిగ్గా నల్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఎగతాళి చేసి ఉంటే అంత మండేది కాదు. తెగిన రీలు అతికించి, దాని మీదనుంచే మామకు ఇంకో క్యాసెట్ తీసిచ్చాను. మర్నాడు కడుపులో బాగాలేదని సేటుకు చెప్పి (అబద్ధం కాదు, నిజంగానే బాగాలేదు) జీపెక్కాను.

ముందు సీట్లో అప్పటికే సిటీ ఉన్నాడు, తన విజయయాత్ర చూసుకోవడానికి. నేను వెనకాల సద్దిగిన్నెల మధ్య ఇరుక్కున్నాను. జీపు కదిలింది, గొలుసాయన అందుకున్నాడు. ఆడవాళ్లు పట్టించుకోలేదు. కోడళ్ల గురించి, నడుము నొప్పుల గురించి వాళ్ల మాటల్లో వాళ్లున్నారు. నాకు ప్రాణం లేచొచ్చింది. పెబ్బేరు దగ్గర పడుతుండగా మూడో పాట అయిపోవచ్చింది. నా పక్కనున్న పెద్దమ్మ చెయ్యెత్తి, ‘ఏయ్, ఊకోండి ఊకోండి, వస్తుంది ఇగ’ అంది. జీపంతా సద్దుమణిగింది. డప్పు ఒక్కటే మోగింది. ఆ తర్వాత నా గొంతు వచ్చింది, దాని మీద జీపులోని ఆడవాళ్లందరి గొంతూ కలిసింది. ‘కూసో బిడ్డ కూసో, జర నిమ్మలంగ చెప్పు.’ సద్దిగిన్నెల మీద దరువు పడింది. హారన్ మామ హారన్ కూడా, జీవితంలో మొదటిసారి, సరైన చోట పడింది.

నాకు ఏడుపొకటి, నవ్వొకటి కలిసి వచ్చాయి. ‘ఎవరు పెద్దమ్మ గాయన?’ అని తెలియనట్టు అడిగాను.

‘తెల్వదు కొడుకా. మన దిక్కోడే ఎవడో. వాని తల్లి కడుపు సల్లగుండ, మా మొగోళ్లను మేం అనాల్నని ఉన్నదంత వాడంటుండు.’

నేను ఇంకా ఆ దీవెన పూర్తిగా అందుకోనేలేదు. ముందు సీట్లోంచి సిటీ వెనక్కి తిరిగి, ‘హైదరాబాద్ల మిక్సింగ్ చేపిచ్చిన పెద్దమ్మ, నా ఫ్రెండే వాడు’ అన్నాడు. కోపంతో మారిపోయిన ఆ గొంతు ఎవరిదో వాడికి తెలియదు. అసలు ఆల్బంలో అది ఉందో లేదో కూడా తెలియదు, మూడో పాట చివరిదాకా విన్నవాడైతే కదా. పెద్దమ్మ మురిసిపోయి, మూట విప్పి, జొన్నరొట్టెలో పల్లికారం పెట్టి చుట్టి వాడికందించింది. తిట్టింది నేను, రొట్టె తింటున్నది వాడు. నా జీవితంలో ఎంతోమంది మీద కుళ్లుకున్నాను గానీ ఆ రొట్టె మీద కుళ్లుకున్నట్టు దేని మీదా కుళ్లుకోలేదు.

‘అది నేనే’ అనడానికి నోరు తెరిచాను కూడా. కానీ ఎలా అనేది? ఆ ఆల్బం చెత్త అని వనపర్తి అంతా చాటింది నేను. ఇప్పుడు దాని నడుమ కూర్చుని ఉన్నదీ నేనే. అది క్లాసిక్ కాదంటే నేనూ కాను. అవునంటే సిటీ గెలిచినట్టు. ఎటు చూసినా నాకే నష్టం. ఆఖరికొక దారి తోచి, ‘గా తిట్లయితె మంచిగున్నయి గని, మిగిల్న పాటలు దండగ గద పెద్దమ్మ?’ అన్నాను.

పెద్దమ్మ నన్ను వింతగా చూసింది. ‘వాడు గంతగనం ఉరికితెనే గద, వీడు కూసోమంటె మంచిగుండేది. ఉరికేటోడు లేకుంటె ఎవన్ని కూసోమంటవు కొడుకా?’ అంది.

ఆ సాయంత్రం పోరగాళ్లు నన్ను పట్టుకున్నారు. ‘ఇప్పుడన్న చెప్పు అన్నా, క్లాసికా కాదా?’ సేటు కూడా తల ఎత్తి విన్నాడు. సిటీ కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు, మూతికి ఇంకా పల్లికారం ఉన్నట్టే నాకు కనబడింది. ‘క్లాసికే’ అన్నాను, పంటి బిగువున. ‘కాకుంటె, గా నడుమల తిట్టెటోడు అసలు క్లాసిక్’ అని కలిపాను. ‘గదైతె కరెక్టు భాయ్’ అని సిటీ పెద్దమనసు చేసుకుని ఒప్పుకున్నాడు, తన సొత్తులో కొంత నాకు దానమిచ్చినట్టు.

తర్వాత క్యాసెట్లు పోయాయి, సీడీలూ పోయాయి. నేను ఆ ఇంగ్లీషు పేపరు ఎలాగో గట్టెక్కి, నాగర్‌కర్నూలులో తెలుగు సారునై స్థిరపడ్డాను. మొన్నామధ్య గద్వాలలో ఒక పెళ్లి బారాత్‌లో సిటీ కనబడ్డాడు. పొట్ట వచ్చింది, జుట్టు పోయింది, నల్లద్దాలు మాత్రం ఉన్నాయి. ‘గొలుసాయన యాదికున్నడా?’ అని నేనే కదిపాను.

‘ఆయన పాట ఒక్కటి యాదికి లేదు భాయ్. నడుమల తిట్టేటోడు ఉండె సూడు, వాడు యాదికున్నడు. వాడెవడో ఇప్పటికి తెల్వదు నాకు. ఫ్రెండని ఉత్తగనే చెప్పిన అప్పుడు.’

ఇన్నేళ్లు దాచుకున్న మాట ఇక ఆగలేదు. ‘వాడు నేనే’ అన్నాను.

సిటీ పడీపడీ నవ్వాడు. ‘నువ్వా? నీది పంతులు గొంతు భాయ్. వాడు వేరే.’

రోషం వచ్చింది. బారాత్ డప్పులు పక్కనే మోగుతున్నాయి. గొంతు సవరించుకుని అందుకున్నాను. రెండో మాటకే డప్పు నా చేయి వదిలి ముందుకు పోయింది, అందుకోబోయి నేను ఆయాసపడ్డాను. సిటీ చెయ్యి అడ్డం పెట్టాడు. ‘గట్ల గాదు భాయ్, పాఠం చెప్పినట్టున్నది. ఇను’ అని తనే మొదలుపెట్టాడు. ఒక్క మాట పొల్లుపోకుండా, ఒక్క దెబ్బ తప్పకుండా చివరిదాకా చెప్పాడు. డప్పులవాళ్లు వెనక్కి తిరిగి, వాడి కోసం ఇంకొంచెం గట్టిగా వాయించారు.

నా తిట్టు వాడికి నాకంటే బాగా వచ్చు. ఒకప్పుడైతే అక్కడే కుళ్లి చచ్చేవాణ్ని. ఇప్పుడూ కుళ్లు వచ్చింది, కాదనను, కానీ సిటీ మీద కాదు. ఎవరు మెచ్చుకుంటారో, ఎవరు తప్పు పడతారో చూసుకోకుండా, ఒట్టి మంటతో మైకు లాక్కున్న ఆ ఇరవయ్యేళ్ల పోరని మీద. ఇప్పుడు వాడు నా తరగతిలో కూర్చుని నా పాఠం వింటే ఏమంటాడో నాకు తెలుసు, ‘కూసో బిడ్డ కూసో’ అంటాడు. నవ్వుకుంటూ వెళ్లి భోజనాల వరుసలో సిటీ పక్కనే కూర్చున్నాను.