పట్టుపురుగు లేని పీరియడ్

ఆ రోజుల్లో, అంటే డెబ్బైల చివర్లో, ట్రైనింగు ముగించుకొచ్చిన ఇరవైరెండేళ్ళ టీచరమ్మ లోకాన్ని బాగుచెయ్యడానికి ఒక్క పీరియడ్ చాలనుకోవడంలో వింతేమీ లేదు. బళేపేట దగ్గరి ఆడపిల్లల బడిలో నన్ను 'కడ్డీ మిస్' అనేవాళ్ళు (చేతిలో బెత్తం ఉండి కాదు, నేనే బెత్తంలా ఉండి). నా తొమ్మిదో తరగతికి సర్జాపురం నుంచి బస్సులో ఒక పాప వచ్చేది. ఇంట్లో పట్టుపురుగులు పెంచుతారు, ఆ వాసన వస్తుందంటూ దాన్ని 'పట్టుపురుగు' అని ఏడిపించేవాళ్ళు, పక్కన కూర్చునేవాళ్ళు కాదు. ఈ ఉద్యమానికి నాయకురాలు గాజుల అంగడివాళ్ళ అమ్మాయి. ఒకరోజు పట్టుపురుగు తల్లి వచ్చి నా చేతులు పట్టుకుంది. "బడికి పోనని ఏడస్తా ఉండాది మిస్సమ్మా. రేపొక్క దినం పంపిస్తా. ఆపైన పురుగులకి ఆకు కోసేదానికే" అంది. నా ప్రాణం ఉసూరుమంది.

మా ఇంట్లో కొత్త సంవత్సరం నాడు చెక్కపెట్టెలోంచి తలా ఒక వాగ్దానం కార్డు తీస్తాం. ఎవరికి ఏ బైబిలు వాక్యం వస్తే ఏడాదంతా అదే, మార్చుకోవడం ఉండదు. మర్నాడు ఆ పెట్టెనే బడికి మోసుకెళ్ళి ఒక ఆట కట్టాను. అన్నీ తెల్లకార్డులు, ఒక్కదాని మీద మాత్రం 'లేదు'. అది వచ్చిన పిల్ల ఆ పీరియడంతా లేనట్టే. ఎవరూ చూడకూడదు, పలకకూడదు. గాజుల పాపకే రావాలని ఆ కార్డు పైన పెట్టాను (మోసమే, ఒప్పుకుంటున్నాను). తీరా మూత తీశాక, మా ఇంటి అలవాటు కొద్దీ, అందరికన్నా చిన్నపిల్ల ముందు పెట్టేశాను. అందరికన్నా చిన్నది పట్టుపురుగే! 'లేదు' కార్డు దాని చేతికే వచ్చింది. మార్చుకోకూడదని అప్పుడే గొంతు సవరించుకుని మరీ చెప్పి ఉన్నాను.

బయట మబ్బు కమ్మింది, కరెంటు పోయింది. హాజరు పిలుస్తూ దాని పేరు దాటేశాను. ఒక్కరూ తల తిప్పలేదు. నలభైమందికీ అది అంత సులువుగా వచ్చేయడం చూసి నా వీపు చల్లబడింది. పట్టుపురుగు లేచింది. చెప్పుల్లేని కాళ్ళు, చప్పుడు లేదు. బెంచీల మధ్య తిరుగుతూ ఒక్కొక్కరి మొహంలోకి వంగి చూసింది. గాజుల పాప పక్కన కూర్చుని, దాని డబ్బా మూత తీసి, చిత్రాన్నమంతా నిదానంగా తినేసింది (నాకూ నోరూరింది, చూడకూడదు గనక ఊరుకున్నాను). తర్వాత ఆ పిల్ల చెవిలో, కోపమూ ఏడుపూ లేని గొంతుతో మొదలుపెట్టింది. "దీని పక్కన కూచోవద్దండప్పా. వాసన. ఇది ఎక్కిన బస్సు కడగాల." గాజుల పాప రోజూ అనే మాటలే.

"మిస్! ఈ పాప మాట్లాడతా ఉండాది" అంది గాజుల పాప నావైపు తిరిగి.

నా నియమం నేనే తప్పకూడదని, బుద్ధి లేక, "ఎవరు? అక్కడెవరూ లేరే" అన్నాను.

గాజుల పాప కెవ్వుమంది. "ఉండాది మిస్! మీకు గూడా కనపడలేదా?" అంటూ పట్టుపురుగు చెయ్యి గట్టిగా పట్టేసుకుంది. "చూడండి, చెయ్యి వెచ్చగా ఉండాది!" క్లాసంతా ఏడుపు. పట్టుపురుగు ఒక్కతే తాపీగా, "చిత్రాన్నంలో ఉప్పు చాల్లేదు" అంది.

మర్నాడు దాని చోటు ఖాళీ. అయిపోయింది, దాని చదువు నేనే పాడుచేశాననుకుని హాజరు పుస్తకంలో గైర్హాజరు గుర్తు పెట్టబోయాను. గాజుల పాప లేచి నిలబడింది. "పెట్టొద్దు మిస్. సర్జాపురం బస్సు ఇంకా రాలేదు. నేను పోయి చూసొచ్చినా." పెన్ను పట్టుకుని అలాగే కూర్చున్నాను. పది నిమిషాలకు పట్టుపురుగు వానలో తడిసిన పావడాతో గుమ్మంలో నిలబడితే, గాజుల పాప బెంచీ మీద పక్కకు జరిగింది. నా ఆట ఎంత గొప్పదో వివరిస్తూ హెడ్‌మిస్ట్రెస్‌కి రెండు పేజీల నివేదిక రాసిచ్చాను. ఇప్పుడు తలుచుకుంటే ఆ కడ్డీ మిస్ మీద జాలీ, నవ్వూ వస్తాయి. ఆ రెండు పేజీల్లో, పది నిమిషాలు ఏమీ రాయకుండా ఆగిన సంగతి మాత్రం లేదు.