అనెగ్రెట్ మార్చిన బ్లేడు

అనెగ్రెట్ ష్టూకెమయర్ ఏళ్ల తరబడి సైరన్ మోగకముందే పనిలోకి దిగేది. ఆ పని ఎవరి లెక్కలోకీ రాలేదు. ఇదేం న్యాయమని ఆమె ఒక్కసారీ అడగలేదు.

జర్మనీలోని ల్యోనె ఊళ్లో మా వంటింటి అల్మరాల కార్ఖానాలో పెద్ద రంపం ఆమెది. సాయంత్రం షిఫ్టువాళ్లు దాని మీద బీచ్ అనే చెట్టు గట్టి చెక్క కోస్తారు. అందుకు పళ్లు తక్కువున్న బ్లేడు బిగిస్తారు, చకచకా కోసుకుపోతుంది. ఉదయం కోయాల్సింది లామినేట్ బోర్డు. దానికీ ఆ బ్లేడే వాడితే అంచు పొడుగునా పైపొర పెచ్చులుగా లేస్తుంది. అందుకే అనెగ్రెట్ చీకటితోనే వచ్చి పళ్లు దగ్గరదగ్గరగా ఉన్న బ్లేడు బిగించేది. పెద్ద బ్లేడుకు ముందు అడుగుపొరను గీసే చిన్న బ్లేడు ఒకటుంటుంది. రెండింటి గాట్లూ సరిగ్గా కలిసేలా సర్దేది. ఒక పనికిరాని ముక్క కోసి, అంచు వెంట గోరు నడిపి చూసేది. గోరు ఎక్కడా తట్టుకోకపోతేనే అసలు బోర్డు ఎక్కించేది.

"మహారాణిగారి గోళ్ల సింగారం అయిందా?" అనేవాడు మేస్త్రీ వీనెకె.

"అయింది. నువ్వు కాఫీ పెట్టావా మరి?"

వసంతంలో నడుంనొప్పికి డాక్టరు ఆమెను ఉప్పునీటి స్నానాల చికిత్సకు పంపాడు. ఆమె బదులు నిలబడ్డ టోర్‌బెన్ అందరిలాగే సైరన్‌కు వచ్చాడు, ఉన్న బ్లేడుతోనే కోశాడు. తెల్లని తలుపుల అంచులు ఎలుకలు కొరికినట్టు తయారయ్యాయి. సరుకు వెనక్కి వచ్చింది. అనెగ్రెట్ యంత్రాన్ని పాడుచేసి పోయిందని యాజమాన్యం తేల్చింది. తిరిగొచ్చిన రోజునే ఆమెను ప్యాకింగ్‌కు మార్చమంది.

ఉదయం టిఫిన్ విరామంలో వీనెకె ఆ మాట చెప్పాడు. నేను అదే బల్ల దగ్గర ఉన్నాను.

"ఇన్నేళ్లూ ఒకే బ్లేడుతో నడిచిందంటున్నారు. మార్చడానికి యంత్రం ఆగగా ఎవరూ చూడలేదట."

"నువ్వు చూశావుగా."

మా వైపు టిఫిన్‌కు తినే, పచ్చి పందిమాంసం కీమా, ఉల్లిముక్కలు పరిచిన రొట్టెను పక్కన పెట్టాడతను. "చూశాను. నీ సరదా అనుకున్నా."

"సరదాకి నాలుగింటికి ఎవడు లేస్తాడయ్యా?"

"అలాంటప్పుడు ముందే నోరు విప్పాల్సింది, అనెగ్రెట్."

"విప్పితే ఏమనేవాడివి?"

వీనెకె రొట్టె మీంచి రాలిన ఉల్లిముక్కలు ఏరుకుంటూ కూర్చున్నాడు. ఆమె లేచి ప్యాకింగ్ గదికి వెళ్లింది. టేపు చుట్టడం రాక కాదు, అక్కడ ఆమె చేతులు ఊరికే ఆగిపోతున్నాయి.

బ్లేడు మార్చడం కూడా పనే. ఒక మనిషి తన నిద్ర చెరుపుకుని చేసినంత మాత్రాన అది యాజమాన్యానికి దక్కిన కానుక కాదు. ఉచితంగా ఇచ్చిన పని ఇక్కడ కంటికి ఆనలేదు. అది ఆగిపోయిన రోజున నేరం మాత్రం ఇచ్చినామె మీద పడింది.

మేం ఎన్నుకున్న కార్మిక మండలి ఒప్పుకోకుండా ఈ బదిలీ ఖాయం కాదు. బుధవారం మండలి కూర్చుంటోంది. కోత విభాగం వాళ్లారా, అల్మరాలు బిగించే విభాగం వాళ్లారా, రండి. మీరు సైరన్ కోసం కాచుకుని ఉన్నప్పుడు ఆమె వంగి బ్లేడు బిగిస్తుండగా మీలో చూడనివారు లేరు. ఆ చూసింది పైకి చెప్పండి. వీనెకె, ముందు నువ్వు చెప్పు. అనెగ్రెట్‌ను రంపం దగ్గరికి పంపమనండి, బ్లేడు మార్చే సమయాన్ని షిఫ్టులో కలపమనండి. కలిపేదాకా సైరన్‌కు ముందు ఎవరూ పానా ముట్టుకోకండి.