నంద్యాలలో అమ్మతో ఒక పూట భోజనం

కన్నకొడుకు పక్కన కూర్చుని ఒక పూట అన్నం తినడానికి ఒక తల్లి ఎవరి అనుమతి అడగాలి? పాఠకులు తమ జవాబును మనసులో నిశ్చయించుకున్న తరువాతనే ముందుకు చదవవలసిందిగా కోరుతున్నాను. కాలేజీ చర్చాసభలలో ఇంతకన్న పెద్ద విషయాల మీద వాదించి చప్పట్లు కొట్టించుకున్న నేను, ఈ ప్రశ్నకు జవాబు నంద్యాలకు వెళ్ళివచ్చేదాకా ఎరుగను.

మాది అహోబిలంలో స్వామి కైంకర్యం చేసుకునే కుటుంబం. మా అన్న రాఘవుడు నంద్యాల స్టేషనులో టిక్కెట్లిచ్చే గుమాస్తా. అక్కడి హోటలులో అన్ని కులాలవారితో ఒకే పంక్తిలో తింటున్నాడని తెలిసిన నాటినుంచి నాయన అతణ్ణి ఇంటి పంక్తిలో కూర్చోనివ్వలేదు. అన్న ఎప్పుడు వచ్చినా అరుగు మీద మంచినీళ్ళు తాగి వెళ్ళిపోయేవాడు. ఆ వేసవిలో నేను సెలవులకు ఇంటికి రాగానే అమ్మ, "నేనే పోయి వాని పక్కన ఒక పూట తినొస్తా" అన్నది. "బయట తిని వస్తే నీ చేతివంట నేను ముట్టను" అన్నాడు నాయన. అమ్మ పులిహోర కలిపింది. ఇంటి వంటే వెంట తీసుకుపోతే ఇద్దరి మాటా నిలుస్తుందని ఆమె ఆలోచన.

ఎద్దుల బండి మీద ఆళ్ళగడ్డ చేరి, పిన్ని ఇంట పడుకుని, తెల్లవారి ఆరు గంటలకు బస్సు దగ్గర నిలుచున్నాము. యుద్ధం మూలంగా పెట్రోలు కరువైనందున బస్సుకు వెనకవైపు నిలువెత్తు బొగ్గు పొయ్యి తగిలించారు. క్లీనరు చెమటలు కక్కుతూ దాని పిడి తిప్పుతుంటే అరగంటకు బస్సు మేలుకొన్నది. "బొగ్గులు తిని బండి పోతాదా?" అని అమ్మ పొయ్యినే చూస్తూ ఎక్కింది.

మా ఎదుట మిరపకాయల గంపతో ఒక పెద్దావిడ కూర్చున్నది.

"యాడికమ్మా పయనం?"

"నంద్యాలకు. కొడుకుతో అన్నం తినేదానికి."

"అన్నానికి ఇంత దూరమా? మా వాడు పక్క వీధిలోనే ఉండాడు, పిలిచినా రాడు. నీ కొడుకే మేలు."

అమ్మ నవ్వి గంప జరుపుకోవడానికి చోటిచ్చింది. కుడివైపున నల్లమల నీలంగా, గోడ కట్టినట్టు మా వెంటే నడిచింది. ఆ కొండల నడుమనే పుట్టి పెరిగినా, దూరంనుంచి వాటి పొడవు ఇంతని నాకు ఆనాడే తెలిసింది. సిరివెళ్ళలో బస్సు ఆగి బొగ్గు నింపుకొన్నది. దారి పొడుగునా, నాయనను ఒప్పించవలసిన వాదనలు మనసులో ఒకదాని వెనక ఒకటి పేర్చుకొన్నాను.

నంద్యాల చేరేసరికి తొమ్మిదిన్నర. అన్న డ్యూటీ దిగలేదని స్టేషనుకే వెళ్ళాము. అమ్మ రైలు చూడడం అదే మొదటిసారి. ఇంజను ప్లాట్‌ఫారం అదిరేటట్టు వచ్చి, ఆవిరి చిమ్ముతూ నిలిచినప్పుడు నా చేయి గట్టిగా పట్టుకొన్నది. దిగేవాళ్ళూ ఎక్కేవాళ్ళూ పెట్టెలతో, పిల్లలతో పరుగులు తీశారు.

"ఇది దినమూ వస్తాదా?"

"దినమూ వస్తుందమ్మా."

"దినమూ ఇంతమందిని కలిపి కూర్చోబెట్టుకుని పోతాదా?" అని కడపటి పెట్టె కనుమరుగయ్యేదాకా చూసింది. ఆ మాటలోని బరువు నాకు అప్పుడు తట్టలేదు.

అన్న డ్యూటీ దిగి మమ్మల్ని తన గదికి తీసుకుపోయాడు. అక్కడ మద్దిలేటి అనే మిత్రుడున్నాడు. గూడ్సు షెడ్డులో గుమాస్తా, రైతుబిడ్డ, అన్నతో గది పంచుకుని ఉంటాడు. అమ్మ ముగ్గురికీ ఆకులు పరచి పులిహోర వడ్డించింది. మద్దిలేటి ఆకు కూడా అదే పంక్తిలో ఉన్నందున తాను మాత్రం కూర్చోలేదు.

"నువ్వూ కూర్చోమ్మా" అన్నాడు అన్న.

"మీరు తినండి. నాకాకలి లేదు."

అన్న ఆకు ముందునుంచి లేచాడు. "ఇది నీ వంట, నువ్వే వడ్డిస్తాండావు. నేను సంపాదించి నీకు ఒక పూట పెట్టొద్దా? మధ్యాహ్నం హోటలుకు పోదాం. రానంటే ఇప్పుడే చెప్పు."

"వస్తాలే, కూర్చో" అన్నది అమ్మ.

పన్నెండున్నరకు నలుగురమూ హోటలుకు వెళ్ళాము. విశాలమైన హాలు, వరుసగా బల్లలు, తల మీద విసరుతున్న కరెంటు పంకాలు. దాదాపు యాభైమంది ఒక్కసారి భోజనం చేస్తున్నారు. హాలు చివర ఒక గది వాకిలికి ఎర్రని తెర వేలాడుతున్నది. ఆ తెరను చూడగానే అమ్మ చేతులు జోడించి ఆగిపోయింది.

"నిలబడండి. లోపల ఆరగింపు అవుతాండాది. తెర తీసినంక కూర్చుందాం."

కోవెలలో స్వామికి నైవేద్యం పెట్టేటప్పుడు తెర వేస్తారు. అమ్మ ఎరిగిన తెర అదొక్కటే. గల్లా దగ్గరి యజమాని దిగి వచ్చాడు. "లోపల స్వామి లేడు తల్లీ. అది మీ బ్రాహ్మలు భోంచేసే గది. మీరు పొండి, మీ పిల్లోళ్ళిద్దరూ పోవచ్చు. ఆ అప్ప మటుకు ఈడనే కూర్చోవల్ల."

మద్దిలేటి తల వంచుకొన్నాడు. "నేను ఆ గదిలోకి పోను" అని అన్న అప్పుడే బయటి బల్ల దగ్గర కూర్చున్నాడు. నేను నా వాదనలలో మొదటిదానికి నోరు తెరిచాను. అమ్మ నన్ను చేత్తో వారించింది.

"మా కోవెల్లో స్వామి తిన్నంక తెర తీసేస్తారప్పా. ఆ ప్రసాదం అందరికీ పెడతారు. మీరు ఈ తెర ఎప్పుడు తీస్తారు?"

యజమాని తల గోక్కున్నాడు. "తీసేది లేదమ్మా. అడిగేవాళ్ళుండారని కట్టినా. అడిగేవాళ్ళు లేకుంటే రేపే పీకేస్తా, నాకేం సంబరమా?"

అమ్మ ఇంకొంతసేపు తెరవైపు చూసింది. ఇంట్లో తన వంట నాయన ముట్టడేమోనన్న భయం ఆమె ముఖంలో నాకు స్పష్టంగా కనిపించింది. తరువాత నడిచి వచ్చి అన్న పక్కన కూర్చున్నది. "మద్దిలేటీ, నువ్వు ఈ పక్క రా" అన్నది.

గోంగూర పప్పు, వంకాయ కూర, ఉల్లిగడ్డల సాంబారు, మజ్జిగ వడ్డించారు. పుట్టి బుద్ధెరిగిన తరువాత ఉల్లి ముట్టనిది గనుక, అమ్మ సాంబారులోని ఉల్లిగడ్డలన్నీ ఏరి ఆకు అంచున పేర్చింది.

"ఉల్లిగడ్డలకు మటుకు వేరే పంక్తా అమ్మా?" అన్నాడు మద్దిలేటి.

అమ్మ ముద్ద నోట పెట్టుకోబోయి పొలమారేటంతగా నవ్వింది. అన్న ఆమెకు నీళ్ళందించాడు. నేను తినడం మరచి వాళ్ళ ముగ్గురినీ చూస్తూ ఉండిపోయాను. వేదికలెక్కి నేను సాధించలేనిదాన్ని, మా అమ్మ ఒక బల్ల దగ్గర కూర్చోవడంతో సాధించింది. సాయంకాలం కాఫీ హోటలులో వాళ్ళు మళ్ళీ పక్కపక్కనే కూర్చున్నారు. ఈసారి అమ్మ ఎవరినీ ఏమీ అడగలేదు, కాఫీలో చక్కెర చాలలేదని మాత్రం అన్నది.

మరునాటి ఉదయం బస్సులో, "నాయనతో నేను మాట్లాడతాను" అన్నాను.

"నీ మాటలు కాలేజీలో పెట్టుకో. తిన్నది నేను, చెప్పుకునేదీ నేనే."

ఆళ్ళగడ్డలో నాయన బండితో ఎదురుచూస్తున్నాడు. బండి ఎక్కకముందే అమ్మ ఏదీ దాచకుండా చెప్పింది. ఆయన ఎద్దులను అదిలించి బండి తోలాడు. ఆ రాత్రి తినలేదు, మరునాటి పగలూ తినలేదు. అమ్మ రెండు పూటలా వండి, ఆకు వేసి, తానూ తినక పక్కన కూర్చున్నది. మూడవ పూట నాయన వచ్చి ఆకు ముందు కూర్చున్నాడు. అన్నకు ఇంటి పంక్తిలో ఇంకా చోటు దొరకలేదు. కాని ఆ ఇంట్లో ఒకరు రెండు పంక్తులలోనూ తిన్నారన్న సంగతి ఇప్పుడు అందరికీ తెలుసు.

ఈ యాత్రలో అమ్మ రైలును చూసి, నేను నల్లమల పొడవును చూసి అబ్బురపడ్డాము. అన్నిటికన్న ఎక్కువ అబ్బురం నాకు అమ్మను చూసి కలిగింది. తెరను కట్టించింది యజమాని కాదు, అడిగినవాళ్ళు. కాబట్టి నంద్యాలకు వెళ్ళే పాఠకులారా, ఏ హోటలులోనైనా అటువంటి తెర కనిపిస్తే, లోపల మీకు చోటున్నా లోపలికి వెళ్ళకండి. బయటి బల్ల దగ్గర కూర్చుని అన్నం అడగండి.