కీలన్నాక ఆడదేటిరా

మా బావకి ఇనుము గురించి అంతా తెలుసు. ఈ మాట నేననలేదు, ఆయనే అంటాడు, అడక్కపోయినా అంటాడు. చోడవరంలో గోవాడ వెళ్ళే రోడ్డు పక్కన ఆయనకో వెల్డింగ్ షెడ్డు ఉంది. చెరకు తోలే ట్రాక్టర్లకి ట్రాలీలు కడతాడు. ఆ ట్రాలీలు బాగానే ఉంటాయి, అబద్ధమెందుకు. కానీ ట్రాలీ కట్టినవాడికి ఓడల సంగతి కూడా దానంతటదే వచ్చేస్తుందన్న ధీమా ఎక్కడినుంచి పుట్టుకొచ్చిందో నాకు ఇప్పటికీ అంతుపట్టదు.

ఆయన మా అక్క భర్త. నేను విశాఖపట్నంలో ఓడల మరమ్మతు యార్డులో పనిచేసి రిటైరయ్యాను. నా ఉద్యోగమేమిటో ఒక్క ముక్కలో చెప్పాలంటే, తుప్పు చూడడం. ఏది పైపై తుప్పు, ఏది లోపల్నించి తినేసిన తుప్పు అని తేల్చి చెప్పడం. ఆ ఉద్యోగమంటే మా బావకి మొదటినుంచీ నవ్వులాటే. "తుప్పు సూసినందుకు జీతమిస్తారేటిరా? మా షెడ్డు ఎనకాల బోల్డంత పడుంది, రోజూ వొచ్చి సూసుకో, జీతం నానిస్తాను" అని పెళ్ళిళ్ళలో పదిమంది ముందూ అనేవాడు. నేనేమైనా ఊరుకున్నానా? ఆయన ట్రాలీలని నడిచే పశువుల కొట్టాలనేవాణ్ణి. బావా బావమరుదులం, ఒకళ్ళనొకళ్ళు వెక్కిరించుకోకపోతే ఇద్దరికీ ఏదో గొడవైందనుకుంటారు జనం.

అలాంటి మనిషి కిందటేడు విశాఖలో ఎవరో తుక్కుకి అమ్ముతుంటే ఒక పాత తెరచాప పడవ కొనుక్కొచ్చాడు. వాళ్ళమ్మాయికి, అంటే నా మేనకోడలికి, నిశ్చితార్థమైంది. పెళ్ళికి ముందు ఫొటోలూ వీడియోలూ తీయించుకోవడం ఇప్పుడు తాళిబొట్టు కంటే ముఖ్యమైపోయింది కదా. కె.కోటపాడులో ఎవరో చెరకు తోటలోకి గుర్రాన్ని తెప్పించి తీయించారట. మా బావకి గుర్రం కంటికి ఆనలేదు. సముద్రం కావాలి, అందులో సొంత ఓడ కావాలి, పైనించి డ్రోను తిరగాలి. సముద్రానికి అంత దూరంలో ఉండి ఓడ కొన్న మొట్టమొదటి మనిషిని చూడ్డానికి రావికమతం నుంచి కూడా ఆటోలు కట్టించుకుని వచ్చారని అక్క ఫోనులో చెప్పింది. చెప్పి, "ఒరే తమ్ముడూ, రేపు లారీ ఎక్కించేస్తారంట. నువ్వొక్కపాలి వొచ్చి సూడరా" అంది. ఆ చివరి మాట అన్నప్పుడు ఆమె గొంతులో నవ్వు లేదు. అందుకే ఆ పూటే వెళ్ళాను.

షెడ్డులో దూలానికి చైన్ బ్లాకు కట్టి పడవని గాలిలో వేలాడదీశారు. దానికి ఆకాశం రంగు వేశాడు. ముక్కుకి మామిడాకుల తోరణం, పసుపు, కుంకుమ. బండికి చక్రాల కింద పెట్టే నిమ్మకాయ దీనికి ఎక్కడ పెట్టాలో తెలియక కట్టిన తాడుకి గుచ్చారు.

ఇలాంటి పడవకి అడుగున బరువైన ఇనపపలక ఒకటి ఉంటుంది. దాన్ని కీల్ అంటారు. గాలికి పడవ పక్కకి ఒరిగిపోతే మళ్ళీ నిలబెట్టేది ఆ బరువే. అదే ఊడిపోతే పడవ తిరగబడడానికి కేక వేసేంత సేపు కూడా పట్టదు. అంత బరువునీ పట్టి ఉంచేవి పడవ అడుగులోంచి కిందకి దిగిన నాలుగైదు బోల్టులు, అంతే.

"కీలు బోల్టులన్నీ నానే సూసేను. ఒకోదానికీ గ్రీజు ఎక్కించేను. ఇప్పుడెలగుందో సూడు" అంటూ బావ ఆ ఇనపపలకని కాలితో తోశాడు.

అది కదిలింది. ఎక్కువ కాదు, వేలెడు కూడా కాదు. కానీ లోపలెక్కడో టక్కుమంది.

"ఇది కదుల్తోందేంటి బావా?"

"కీలన్నాక ఆడదేటిరా? తెచ్చినకాడినుంచీ అలగే ఆడతంది. పట్టేసుంటే కొనేవోణ్ణే కాదు."

అప్పుడు అర్థమైంది నాకు. అమ్మినవాడు కీల్ అన్నాడు, ఈయన చెవిలో అది కీలుగా పడింది. ట్రాలీ వెనక తలుపుకి జీవితమంతా కీళ్ళు బిగించిన మనిషి. కీలు ఎంత సులువుగా ఆడితే అంత మంచిదని ఆయన లెక్క. తలుపుకైతే నిజమే. చావుకబురు చెప్తున్న ఇనుముకి శుభ్రంగా గ్రీజు రాసి, దాని ఆటని మెచ్చుకుంటూ, చూడ్డానికి వచ్చినవాళ్ళందరికీ కాలితో తోసి మరీ చూపించాడు. వచ్చినవాళ్ళూ తలకాయలూపి వెళ్ళారు. ఇంతమందిలో ఒక్కడికైనా ఇదేంటని అడగాలని తోచలేదు.

పడవ కిందకి దూరాను. పలకకీ పడవకీ మధ్య అతుకు పొడుగునా గోధుమరంగు చారలు దిగి ఉన్నాయి. కొత్త రంగు మీంచే దిగాయి. "అది వానకి దిగిన మరక" అన్నాడు బావ. పడవలోకి ఎక్కి చూశాను. నట్లకి వెండిరంగు పూసి పెళ్ళికొడుకుల్లా తయారుచేశాడు. సుత్తితో ఒక్కోదాన్నీ టంగుటంగుమని కొట్టి, గుడిగంటలా మోగుతున్నాయి చూడమన్నాడు. నట్టు మోగక ఏం చేస్తుంది? తుప్పు తినేది కళ్ళకి కనిపించేచోట కాదు. నీళ్ళు దూరి, మళ్ళీ ఆరడానికి దారిలేని ఆ అతుకులో కూర్చుని తింటుంది. పైన తల, కింద మొదలు నిగనిగలాడుతుంటాయి, నడుము ఉండదు.

ఇంతలో మేనకోడలు వచ్చింది. చేతిలో ఫోను, వీడియోలో కట్టుకోబోయే చీర. "ఎలగుంది మావయ్యా మా ఓడ?" అంది.

"ఎక్కకమ్మా. దీని బోల్టులు పోయాయి" అన్నాను.

బావ పకపకా నవ్వాడు. "మొదలెట్టేడే మీ మావయ్య! మనకి ఓడుందని ఓర్సలేడు" అన్నాడు. పిల్ల కూడా నవ్వింది. గుమ్మంలో నిలబడ్డ అక్క సైతం నవ్వేసింది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఇన్నేళ్ళుగా ఆయనతో వేళాకోళం తప్ప ఇంకో గొంతుతో మాట్లాడి ఎరగను. ఇవాళ నిజం చెబుదామంటే ఆ గొంతు ఎక్కణ్ణుంచి తేను? కోపంగా చెప్తే ఇంకా పసందుగా నవ్వుతారు. ఎల్లుండి ఈ పిల్ల పట్టుచీర కట్టుకుని, తలమీద డ్రోను తిరుగుతుంటే, ఈ ఆడే కీలు మీద నిలబడుతుంది.

చివరికి నాకొచ్చిన గొంతుతోనే అన్నాను. "సరే బావా, ఇనుము గురించి అంతా తెలిసినవాడివి. ఆ నట్టు ఇంకొక్క పావు చుట్టు బిగించు. బిగిస్తే రేపు లారీ ముందు కొబ్బరికాయ నేనే కొడతాను."

పౌరుషం వచ్చింది. పెద్ద స్పానరు తెచ్చి పడవలోకి ఎక్కాడు. దానికి గొట్టం తొడిగి, రెండు చేతులా పట్టి ఒక్క గుంజు గుంజాడు. స్పానరు చటుక్కున తిరిగింది, బావ వెనక్కి పడ్డాడు. లేచి చూస్తే నట్టూ, దానితో పాటు బోల్టు పైసగమూ చేతిలోకి వచ్చేశాయి.

పిల్ల ఆ ముక్కని అందుకుని చూసింది. విరిగినచోట అంతా నమిలి పారేసిన చెరకు పిప్పిలా ఉంది, పొరలు పొరలుగా, గోధుమరంగులో. మధ్యలో బఠాణీ గింజంత మేర మాత్రం తళతళమంటోంది. ఇన్నాళ్ళూ అంత బరువునీ మోసిన ఇనుము అంతే. మిగతాదెప్పుడో పోయింది.

"ఇదేటి పెద్ద పని. వెల్డింగ్ ఏసెస్తాను, లారీ వొచ్చేలోపు అయిపోద్ది" అన్నాడు బావ, చేతులు దులుపుకుంటూ.

పిల్ల ఆ ముక్క మీంచి కళ్ళెత్తలేదు. "నాన్నా, మాతోపాటు నువ్వూ ఎక్కుతావు కదా పడవ?" అంది.

"నానెందుకే? నాకు ఈత రాదు కదా. ఒడ్డుమీదుండి సూస్తాను."

"నాకొచ్చేటి నాన్నా?"

బావ మెల్లగా దిగొచ్చి ఆ ముక్కని కూతురి చేతిలోంచి తీసుకున్నాడు. బొటనవేలితో రుద్దితే పొడి రాలింది. ఫోను తీసి లారీ వాడికి రావద్దని చెప్పాడు. తర్వాత నావైపు తిరిగి, "తుప్పేరా" అన్నాడు.

ఆయనొకటి అంటే నేనొకటి అనాలి, అది మా మధ్య లెక్క. ఆ రోజు మాత్రం తుప్పంటిన ఆ చేతికి నా తుండుగుడ్డ అందించాను.